నేను లేని దరఖాస్తు

మా వీధి చివర టైపు ఇన్‌స్టిట్యూట్ ఉంది. సాయంత్రాలు తోచనప్పుడు అక్కడికి వెళ్లి కూర్చుని, కుర్రాళ్లు కొట్టించుకునే బయోడేటాలు చదువుతుంటాను. మీసాలు సరిగా రాని పిల్లాడు కూడా తనకేమేం వచ్చో, తానేం సాధించాడో తడుముకోకుండా చెప్పి రాయించుకుంటాడు. మొన్న ఒకతను తనలో నాయకత్వ లక్షణాలు పుష్కలంగా ఉన్నాయని కొట్టించాడు. అంతలో వాళ్లమ్మ వచ్చి, తెమ్మన్న పాలు విరిగిపోతున్నాయి ఇంటికి రారా అని రెక్క పట్టుకుని లాక్కుపోయింది. నాకు నవ్వొచ్చిన మాట నిజమే గానీ అతణ్ణి తప్పుపట్టను. నేను మొదటిసారి దరఖాస్తు రాసేనాటికి నలభైకి దగ్గరపడ్డాను. దాన్నిండా ఒక గొప్ప మనిషి గుణగణాలు ఉన్నాయి. ఆ మనిషి మాత్రం నేను కాదు.

ఒకే చోట ఏళ్లకేళ్లు పనిచేసి, జుట్టు నెరిశాక తమ గురించి కాగితం రాసుకోవలసి వచ్చినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. మిగతావాళ్లు నవ్వుకోవడానికి చదవొచ్చు.

అప్పట్లో ఈ ఊరు బెజవాడ. గవర్నర్‌పేటలో మంగళగిరి చీరలు, పంచెలు టోకున అమ్మే కొట్లో నేను గుమాస్తాని. ఇరవయ్యేళ్ల వయసులో చేరి, మరో ఇరవయ్యేళ్లు ఆ పరుపు మీదే కూర్చున్నాను. మా షావుకారు గారు మంచి మనిషి. ఆయన నోట ఒక్క చెడ్డమాట వినలేదు. ఆమాటకొస్తే మంచిమాటా పెద్దగా విన్న గుర్తు లేదు. మాట్లాడటం ఆయనకి ఒంటికి పడేది కాదు. ఏదైనా అడిగితే గల్లాపెట్టె మీద చెయ్యి ఆనించి గొంతు సవరించుకునేవారు. ఆ సవరింపులో సరేనన్నారో, వద్దన్నారో, కాఫీ కావాలన్నారో కనిపెట్టి పని జరిపించడం నా ఉద్యోగం. బయటివాళ్లకి అది పెద్దమనిషి తరహాలా కనపడేది. ఆయన ఊ అంటే వంద బేళ్లు కదులుతాయని చెప్పుకునేవారు. ఊ అనకపోయినా కదిలేవి, నేను కదిలించేవాణ్ణి కాబట్టి.

వారంలో సగం రోజులు గుంటూరు బండెక్కి మంగళగిరి వెళ్లేవాణ్ణి. ఏ మగ్గం మీద ఏ అంచు పడాలో, ఎవరికి ఎంత బయానా ఇవ్వాలో, ఎవరి నేత గట్టిదో, ఎవరు అడ్డంగా నేసే పేకలో నూలు ఎగ్గొడతారో అన్నీ నేనే చూసేవాణ్ణి. తిరిగొచ్చి ఉత్తరాలు రాసేవాణ్ణి. వాటి కింద ఉండేది షావుకారు గారి సంతకం. అదీ నేనే పెట్టేవాణ్ణి. ఒకప్పుడు ఆయన వేళ్లకి వాతం కమ్మి, నాలుగు రోజులు నన్ను పెట్టమన్నారు. వాతం తగ్గింది, సంతకం నా దగ్గరే ఉండిపోయింది. బందరు వర్తకుడొకడు సరుకు పుచ్చుకుని ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే, 'మీ వ్యవహారం మాకు మిక్కిలి ఆగ్రహం కలిగించినది' అని రాసి, పోస్టులో పడేసి వచ్చాక షావుకారు గారికి చెప్పేవాణ్ణి, మీకు కోపం వచ్చిందండీ అని. ఆయన గొంతు సవరించుకునేవారు.

దీన్ని మీరు దోపిడీ అంటారేమో. నాకలా తోచలేదు. ఆయన పేరు పెరుగుతుంటే నాకే కడుపు నిండేది. కొట్టు తరఫున మాట్లాడీ మాట్లాడీ, నా తరఫున మాట్లాడాల్సి వస్తుందన్న సంగతే మరిచిపోయాను.

రెండో ప్రపంచయుద్ధం ముదిరి నూలు కంట్రోలులోకి పోయింది. మిల్లుల నుంచి వచ్చే నూలు చిలపలు సర్కారు చేతిలో చిక్కుకున్నాయి. మంగళగిరిలో మగ్గాలు ఒకటొకటే మూగబోయాయి. మా కొట్లో బీరువాల అడుగు చెక్కలు బయటపడ్డాయి. కొనేవాడు వచ్చినా చూపించడానికి సరుకు లేదు. ఒక మధ్యాహ్నం షావుకారు గారు నన్ను దగ్గరికి పిలిచి, గొంతు సవరించుకోకుండానే మాట్లాడారు. నేను హడలిపోయాను.

"కొట్టు మూసేద్దామయ్యా. నువ్వు వేరే దారి చూసుకో" అన్నారు. కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆయనకి నా మీద నిజంగానే ప్రేమ. అందుకు నాకూ ఏడుపొచ్చింది.

ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ ఏడవలేదు. నలుగురు పిల్లలు, అద్దె ఇల్లు, రేషను నూకలు. ఏడ్చే తీరిక ఆవిడకి లేదు. దారి చూసుకోమంటే ఏ దారిట, ఇరవయ్యేళ్లుగా మీకు తెలిసింది మంగళగిరి దారి ఒక్కటేగా అంది. ఆ మాట సూటిగా తగిలింది. నా దగ్గర పట్టా లేదు, పరీక్ష ప్యాసైన కాగితం లేదు. ఎస్సెల్సీ దాకా చదివి గట్టెక్కకుండా మిగిలినవాణ్ణి.

దేవుడు చల్లగా చూసి అప్పుడే సప్లై ఆఫీసులో ఒక ఉద్యోగం పడింది. చేనేత నూలు పంచడానికి ఒక ఇన్‌స్పెక్టరు కావాలిట. ఊళ్లో ఎవరింట్లో మగ్గం ఆడుతోందో, ఎవరు మగ్గం లేకుండానే నూలు తీసుకుని దొంగబజారుకి తోలుతున్నారో తేల్చాలి. జీతం, కరువు భత్యం, పైగా సర్కారు కొలువు. చదువు కన్నా అనుభవం చూస్తామన్నారు. విన్నవాళ్లందరూ అది నన్ను చూసి కుట్టిన చొక్కా అన్నారు. నాకూ అలానే అనిపించింది. ఇక దరఖాస్తు రాయడమే తరువాయి.

మా పక్కవాటాలో రిటైరైన ఇంగ్లీషు మేష్టారు ఉండేవారు. పేటలో సగం మంది ఉద్యోగాలు ఆయన కలం మీదుగా వచ్చినవే. ఆయన దగ్గర ఒక అచ్చు ఉండేది. తమరి దివ్య సముఖానికి వినయపూర్వకంగా మనవి చేసుకోవడంతో మొదలై, తమరి పాదాల దగ్గర ముగిసేది. నడుమ కాస్త ఖాళీ. అందులో ఎవరి సంగతి వాళ్లు పూరించుకోవాలి. అరుగు మీద కూర్చోబెట్టి, నువ్వేం చేశావో చెప్పవయ్యా రాస్తాను అన్నారు.

నేనేం చేశానండీ, అంతా షావుకారు గారి చలవ అన్నాను. దొంగ వినయం కాదది. మా రోజుల్లో తన గొప్ప తాను చెప్పుకునేవాణ్ణి తాగుబోతు కింద లెక్కగట్టేవాళ్లు. పెళ్లిచూపుల్లో కూడా పెళ్లికొడుకు గురించి పక్కవాడే చెప్పాలి. మేష్టారు కూడా ఆ కాలం మనిషే కాబట్టి, నా ఇబ్బంది ఆయనకి వెంటనే అర్థమైంది. దానికో ఉపాయం కూడా చెప్పారు. నౌకరు విలువ యజమానిని బట్టి ఉంటుంది, ముందు మీ షావుకారు ఎంతటివాడో తెలియాలి, అంతటివాడు ఇరవయ్యేళ్లు పెట్టుకున్నాడంటే నువ్వెంతటివాడివో వాళ్లే ఊహించుకుంటారు అన్నారు.

ఆ మాటతో నా కలానికి కాళ్లొచ్చాయి. షావుకారు గారి తరఫున రాయడం నాకు వెన్నతో పెట్టిన విద్య. రెండు రోజులు కూర్చుని తెలుగులో రాసి ఇచ్చాను, మేష్టారు ఇంగ్లీషులోకి దింపారు. మంగళగిరి నేతలో షావుకారు గారికి తెలియని మర్మం లేదన్నాను. గుడ్డ అంచు వేళ్ల మధ్య నలిపి నేసినవాడి ఇల్లు చెప్పగలరన్నాను. నేతగాళ్లు ఆయన మాటని శాసనంగా చూస్తారన్నాను. నేతగాడు కాళ్లు దించుకుని కూర్చునే మగ్గం గుంటల్లోకి వాననీళ్లొచ్చిన ఏడాది, గడప గడపకీ వెళ్లి పడుగులు పాడవకుండా కాపాడారన్నాను. ఆ ఏడాది షావుకారు గారు జలుబు చేసి ఇంట్లోంచి కదల్లేదు. మోకాలిలోతు బురదలో తిరిగింది నేనే. కానీ వెళ్లింది కొట్టు తరఫున కాబట్టి, వారే వెళ్లినట్టు లెక్క. అందులో నాకు అబద్ధమేమీ కనపడలేదు.

మేష్టారు టైపు కొట్టించిన ప్రతి తెచ్చి ఇచ్చాక, ఇంట్లో తెలుగు అర్థం చదివి వినిపించాను. మా ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ చివరిదాకా విని, చేట పక్కన పెట్టింది.

"ఇందులో మీరెక్కడున్నారండీ?"

సంతకం దగ్గర ఉన్నానన్నాను. అక్కడైనా నిలకడగా ఉన్నానని చెప్పలేను. కలం ముంచి కాగితం మీద పెట్టగానే, అలవాటుగా షావుకారు గారి పేరులో మొదటి అక్షరం పడిపోయింది. దాన్ని చెరిపి నా పేరు రాసుకోవడానికి నానా తంటాలు పడ్డాను.

యజమాని ఇచ్చిన యోగ్యతాపత్రం జతచేయాలన్నారు. అదీ నేనే రాసి తీసుకెళ్లాను. నా గురించి నేనే పొగిడి రాయడానికి చెయ్యి రాక, 'ఇతను మా వద్ద పనిచేసినాడు, నడవడి మంచిది' అని ముక్తసరిగా ముగించాను. ఇది మాత్రం మీ చేత్తో పెట్టండి షావుకారు గారూ అని బతిమాలాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, ఎప్పుడూ పెట్టేవాడివి నువ్వేగా, కొత్తగా నేనెందుకు అని నాకే ఇచ్చేశారు. ఆవిధంగా నా యోగ్యత గురించి నేను రాసి, నేను సంతకం పెట్టి, నేనే జతచేసుకున్నాను. అంత చేసీ నన్ను నేను పొగుడుకోని అమాయకుణ్ణి నేనొక్కణ్ణేనేమో.

శుభమా అని పంపుతున్న కాగితం కదాని మా ఆవిడ కవరు నాలుగు మూలలా పసుపు రాసింది. వద్దనలేకపోయాను. తీసుకెళ్లి సప్లై ఆఫీసులో ఇచ్చి వచ్చాను.

ఆ పసుపు ఏం చేసిందో తరవాత తెలిసింది. కంట్రోలు రోజుల్లో సప్లై ఆఫీసరుకి వచ్చినన్ని శుభలేఖలు ఏ మేనమామకీ వచ్చి ఉండవు. పెళ్లి చేయాలంటే బట్టలకి పర్మిటు, పంచదారకి పర్మిటు, కిరసనాయిలుకి పర్మిటు. అందుచేత జిల్లాలో ఎవరి పెళ్లయినా ఆఫీసరు గారు వధువు తరఫునా, వరుడి తరఫునా కూడా బంధువే. ఉద్యోగం దరఖాస్తులు గోనెసంచిలో పడి ఉండేవి. శుభలేఖలు మాత్రం ఏ పూటకాపూట ఆయన బల్ల మీదికి వెళ్లేవి. నా కవరు పసుపు చూసి గుమాస్తా దాన్ని పెళ్లిళ్లలో కలిపాడు. భోజనం ఎక్కడో చూద్దామని విప్పిన ఆఫీసరు గారు, మా షావుకారు గారి చరిత్ర ఆసాంతం చదివారు. మూడోనాడు నాకు కబురొచ్చింది.

ఉతికిన పంచె కట్టుకుని వెళ్లాను. ఆఫీసరు గారు రాజమండ్రి వైపు మనిషి, నిదానస్తుడు. కూర్చోమన్నారు. దరఖాస్తు చాలా బాగుందని, ఇలాంటిది ఇంతవరకు చదవలేదని అన్నారు. నా ఛాతీ కాస్త ఉబ్బింది. తరవాత అడగడం మొదలుపెట్టారు. దొంగ నేతగాణ్ణి ఎలా పట్టుకుంటారన్నారు. మగ్గం ఆడుతున్న ఇంట్లో మగ్గానికుండే పలక చెక్కలు వాడకానికి నునుపుదేలి ఉంటాయి, చూపించడానికి తెచ్చిపెట్టిన మగ్గానికి బూజు తుడిచిన గుర్తులుంటాయి అని నాకు తెలుసు. చెప్పాను కూడా. ఎలా చెప్పానంటారా?

"మా షావుకారు గారు గుమ్మంలో నిలబడే చెప్పేస్తారండీ. మగ్గం పలకలు చూస్తారండీ ఆయన."

ఏది అడిగినా అంతే. నేతగాళ్లలో తగువులొస్తే ఎవరు తీరుస్తారంటే షావుకారు గారండీ అన్నాను. ఏ నంబరు నూలు ఎందుకు పనికొస్తుందో ఎలా తెలిసిందంటే షావుకారు గారి దగ్గర పడి ఉండటం వల్లనండీ అన్నాను. నన్ను నేను పొగుడుకోకుండా నా పనితనం ఆయనకి తెలిసేలా చేస్తున్నానని నా ధీమా. ఆఫీసరు గారు పెన్సిలు పుచ్చుకుని రాసుకుంటున్నారు. ఆఖరికి కళ్లజోడు తీసి, అంతటి మనిషి ఊళ్లో ఉండగా మాకు తెలియకపోవడం ఏమిటండీ, రేపు ఒకసారి తీసుకురాగలరా అన్నారు. నా గురించి నాలుగు ముక్కలు అడగడానికి కాబోలనుకుని, సంబరంగా సరేనన్నాను.

మర్నాడు షావుకారు గారు జరీ కండువా వేసుకుని వచ్చారు. ఆఫీసరు గారు లేచి నమస్కారం చేశారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను, ఆయన పక్కన నేను కూర్చోవడం అలవాటు లేదు. కుశలప్రశ్నలు అయ్యాక, ఈ తాలూకాలో నూలు సక్రమంగా చేరాలంటే ఏం చేయాలంటారు అని ఆఫీసరు గారు ఆయన్ని అడిగారు. షావుకారు గారు గొంతు సవరించుకున్నారు. ఆయన నెమ్మదిగా నావైపు చూశారు.

ఆ చూపు నాకు ఇరవయ్యేళ్ల నుంచీ తెలుసు. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"షావుకారు గారి ఉద్దేశం ఏమిటంటేనండీ, నూలు సర్కారు మనిషి చేత్తో పంచితే కుదరదండీ. ఎప్పటినుంచో నేతగాళ్లతో లావాదేవీ ఉన్న కొట్టు ఏదో చూసి దానికి నూలు డిపో ఇవ్వాలండీ. సర్కారు పైన తనిఖీ చేస్తే సరిపోతుందండీ."

అది నా సొంత ఆలోచన. రైలు ప్రయాణాల్లో ఎన్నోసార్లు అనుకున్నదే. అనేశాక గానీ చేసిందేమిటో తట్టలేదు. ఇన్‌స్పెక్టరుగా చేరదామని వచ్చినవాణ్ణి, పంచే పని ఇన్‌స్పెక్టరు చేతుల్లోంచి తీసేసి మా షావుకారు గారి చేతుల్లో పెట్టాను. ఆగిపోదామనుకున్నాను. కానీ ఆఫీసరు గారు ఇంకో ప్రశ్న వేశారు, షావుకారు గారు మళ్లీ గొంతు సవరించుకున్నారు, నేను మళ్లీ చెప్పాను. ఒక్కో జవాబుతో నా ఉద్యోగం ఒక్కో అడుగు గుమ్మం వైపు నడుస్తోందని తెలుస్తూనే ఉంది. నోరు ఆగలేదు. చివరికి ఆఫీసరు గారు ముగ్ధులైపోయి, పెద్దవాళ్లు ఒక్క మాట అనకుండానే ఎంత చెప్పారు అన్నారు.

అక్కడికక్కడే డిపోకి ఒప్పుకున్నట్టు ఒక కాగితం మీద షావుకారు గారిని సంతకం పెట్టమన్నారు. ఆయన అలవాటు తప్పిన చేత్తో వంకరటింకరగా పెట్టారు. ఆఫీసరు గారు దాన్ని నా యోగ్యతాపత్రం పక్కన పెట్టి చూసి, ఈ రెండూ కలవడం లేదేమిటండీ అన్నారు. అసలు సంగతంతా చెప్పెయ్యడానికి అంతకు మించిన అదను రాదు. ఆ ఉత్తరాలు రాసింది నేను, వ్యాపారం చేసింది నేను, ఆ సంతకం కూడా నాదే అని చెప్పొచ్చు. చెబితే పనిమంతుణ్ణని రుజువయ్యేది. దాంతోపాటే ఫోర్జరీ చేశానని కూడా రుజువయ్యేది. వారికి వేళ్ల వాతం అండీ, బయట కూర్చోబెట్టి తీరిగ్గా పెట్టించి తెస్తాను అన్నాను. వరండాలో నేనే పెట్టి తెచ్చాను. ఆఫీసరు గారు చూసి, ఇదీ సంతకం అంటే అన్నారు.

పదిహేను రోజుల్లో నూలు డిపో మా కొట్టుకి వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఉద్యోగం మద్రాసు నుంచి వచ్చిన ఒక యువకుడికి ఇచ్చారు. అతని దరఖాస్తు ఒక్క పేజీయేనట, తాను ఏ పనైనా చేయగలనని రాశాడట. ఆ తరవాత అతనే మంగళగిరిలో గుంట మగ్గం చూసి, పాపం నేతగాళ్లని గోతుల్లో ఎందుకు కూర్చోబెట్టారని ఎంతో జాలిపడ్డాడు.

సరే, ఇన్‌స్పెక్టరు పోతే పోయింది, కొట్టు తెరుస్తున్నారు కదా, పాత చోటే ఉంటానని సర్దుకున్నాను. అక్కడే ఉంది తిరకాసు. సర్కారు డిపో కాబట్టి దానికి మేనేజరు కావాలిట. ఆ మేనేజర్ని ఊరికే పెట్టుకోకూడదట, దరఖాస్తులు పిలిచి, అన్నిటిలోకీ యోగ్యుణ్ణి ఎంచి, ఆ కాగితం ఆఫీసుకి పంపాలిట. షావుకారు గారు ఆ ఉత్తర్వు నా చేతికిచ్చి, ఈ సంగతి నువ్వు చూడవయ్యా అన్నారు. నా ఉద్యోగం ఖాళీగా ఉందని నేనే అట్టముక్క మీద రాసి, నేనే కొట్టు ముందు వేలాడదీశాను. సాయంత్రానికి దరఖాస్తులు రావడం మొదలైంది. అందులో ఇద్దరు బియ్యేలు. ఒకడు ఆఫీసరు గారికి దూరపు బంధువు. నన్ను ఉంచుతారని షావుకారు గారు అనలేదు, ఉంచరనీ అనలేదు. అడుగుదామంటే గొంతు సవరించుకుంటారేమోనని భయం. అదిగనక జరిగితే దాని అర్థం నేనే చెప్పుకోవాలి.

ఆ రాత్రి అన్నం సయించలేదు. మా ఆవిడ సంగతి రాబట్టింది. ఈసారి మేష్టారి దగ్గరికి వెళ్లనివ్వలేదు. పలకా బలపం దాకా పిల్లల సామానంతా పక్కకి నెట్టి, కాగితం పెట్టుకోండి, నేను చెబుతాను అంది. ఆవిడ కొట్టు గుమ్మం ఎక్కి ఎరగదు. కానీ ఇరవయ్యేళ్లు రోజూ నాకు అన్నం వడ్డిస్తూ విన్నది. నాకే గుర్తులేనివన్నీ ఆవిడకి గుర్తున్నాయి.

"గుంటల్లో నీళ్లొచ్చిన ఏడు బురదలో పడి తిరిగి జ్వరం తెచ్చుకున్నదెవరండీ? మీరా, షావుకారు గారా? కాళ్లకి కాపడం పెట్టింది నేను. నాకు తెలీదా?"

రాయమంది. రాశాను. ఎర్రంచు చీర రంగు దిగిందని పెళ్లివారు కొట్టు మీదికి గొడవకొస్తే వాళ్ల ఇంటికెళ్లి కాళ్లావేళ్లా పడి, చీర మార్చి ఇచ్చి, మరుసటేడు వాళ్ల రెండో పిల్ల పెళ్లి బట్టలు కూడా మా కొట్లోనే కొనిపించింది ఎవరంది. నూలు దొరకని రోజుల్లో ఏ ఏ ఇళ్లల్లో మగ్గం అమ్ముకోబోతుంటే ఆపారో చెప్పండంది. ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాను. ప్రతి వాక్యంలోనూ పని చేసినవాణ్ణి నేనే. సిగ్గేసింది. చెప్పొద్దూ, ఆ సిగ్గు వెనకాలే ఎక్కడో కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఎక్కడా ఒక్క విశేషణం వాడలేదు. సమర్థుణ్ణనీ దక్షుణ్ణనీ ఎక్కడా అనుకోలేదు. ఫలానా చోట ఫలానా పని చేశానని మాత్రమే ఉంది. పొద్దున్నే తీసుకెళ్లి మిగతా దరఖాస్తుల మధ్యలో దూర్చాను. అంతకు మించి ధైర్యం చాలలేదు.

షావుకారు గారికి చత్వారం. భోజనం చేసి వచ్చి, బాలీసుకి ఆనుకుని కళ్లు మూసుకుని, ఏవయ్యా ఎవరెవరు వచ్చారో చదువు అన్నారు. మొదట బియ్యేలవి చదివాను. వినయాలు, విధేయతలు, పాదపద్మాలు. ఆయన ఆవలించారు. ఆఫీసరు గారి బంధువుది చదివాను. కడుపు మీద దోమని తోలుకున్నారు. తరవాత నాది తీశాను. పేరు వదిలేసి మొదటి వాక్యం నుంచి చదివాను. గొంతు నాదిలా లేదు. మంగళగిరి, గుంటలు, బురద, పెళ్లివారు, రంగు దిగిన చీర, ఆగిపోయిన మగ్గాలు అన్నీ వరసగా వెళ్లిపోయాయి. సగంలో ఆయన కళ్లు తెరిచారు. చివరికొచ్చేసరికి లేచి కూర్చున్నారు.

ఇరవయ్యేళ్లలో ఆయన అంత గబగబా మాట్లాడటం నేను వినలేదు.

"ఇతన్ని పెట్టుకుందామయ్యా. ఎంత అడిగితే అంత ఇద్దాం. ఇలాంటివాడు దొరకడం మన అదృష్టం." నావైపు ఆప్యాయంగా చూశారు. "నీకూ కాస్త తేలికవుతుంది. ఒక్కడివీ చచ్చిపోతున్నావు. ఎక్కడుంటాడుట అతను?"

కాగితం ఆయన ముందు పరుపు మీద పెట్టి, కింద పేరు మీద వేలు పెట్టి చూపించాను.

"ఇక్కడేనండీ" అన్నాను.

ఆయన పేరు కూడబలుక్కుని చదువుకున్నారు. కాగితం వంక చూశారు, నా వంక చూశారు, మళ్లీ కాగితం వంక చూశారు.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమయ్యా?" అన్నారు.

అందులో వెటకారమేమీ లేదు. ఆయనకి నిజంగానే తెలియదు, తెలుసుకుందామనే అడిగారు.